లిఫ్టులో చెమట వాసన: దాన్ని ‘వాయు కాలుష్యం’ అనొచ్చా?

మేడమీదపిట్ట | హైదరాబాద్ | శుక్రవారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది మియాపూర్ వైపు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. ముప్పై ఫ్లాట్లకు ఒక్కటే లిఫ్టు. ఈ ఏడాది కమిటీలో నన్ను సెక్రటరీని చేశారు. ఇవాళ సాయంత్రం ఇంటికొచ్చేసరికి లిఫ్టు పక్కన గోడకు ఒక నోటీసు అంటించి ఉంది. నాకు మాట మాత్రం చెప్పలేదు. అందులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ పెడుతున్నాను:

“డెలివరీ వాళ్లు, వాటర్ క్యాన్ వాళ్లు, పనివాళ్లు మెట్లు మాత్రమే వాడవలెను. వారి చెమట వాసన వల్ల లిఫ్టులో వాయు కాలుష్యం ఏర్పడుతున్నది. నివాసితుల ఆరోగ్యం దృష్ట్యా సహకరించగలరు.”

లిఫ్టులో వాసన రావట్లేదని నేను అనను. మధ్యాహ్నం పూట ఎక్కితే నాకూ కడుపులో తిప్పుతుంది. కానీ ఆ ‘వాయు కాలుష్యం’ అన్న మాట చదివాక అన్నం సహించలేదు. మా నాన్న రైసు మిల్లులో పని చేసేవారు. రాత్రి గుమ్మంలో అడుగు పెట్టకముందే తవుడు, చెమట కలిసిన వాసన ఇంట్లోకి వచ్చేది. నాన్న వచ్చారని మాకు అలాగే తెలిసేది. ఆయన ఇప్పుడు లేరు. ఆ వాసనకు కాలుష్యం అని పేరు పెడితే మనసు ఒప్పుకోవడం లేదు.

ఆదివారం మీటింగ్ ఉంది. మనసు ఒప్పుకోలేదని చెబితే అక్కడ ఎవరూ వినరు. చట్టం ఏమంటుందో, సైన్సు ఏమంటుందో తెలిసినవాళ్లు చెప్పండి. నేను తప్పయితే అదీ చెప్పండి.

గోదారిగట్టు | రాజమండ్రి | శుక్రవారం రాత్రి 9:50

అమ్మా, చట్టం సంగతి నేను చెబుతాను. జిల్లా కోర్టులో ముప్పై ఏళ్ల ప్రాక్టీసు నాది.

1981 నాటి వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం రెండో సెక్షన్‌లోనే నిర్వచనం ఉంది. మనుషులకో, ఇతర జీవులకో, మొక్కలకో, ఆస్తికో, పర్యావరణానికో హాని చేసేంత గాఢతలో వాతావరణంలో ఉన్న ఘన, ద్రవ, వాయు పదార్థం ఏదైనా కాలుష్య కారకమే. 1987లో సవరణ చేసి శబ్దాన్ని కూడా ఇందులో కలిపారు. పట్టుబట్టి వాదించేవాడు చెమట ఆవిరి కూడా పదార్థమే కదా అంటాడు. ఆ వాదన ‘గాఢత’ అన్న మాట దగ్గర నిలబడదు. ముక్కుకు తెలియడం వేరు, హాని చేసే మోతాదులో ఉండటం వేరు.

2009లో ప్రకటించిన జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల్లో పన్నెండు పదార్థాలున్నాయి: పీఎం 10, పీఎం 2.5 (సన్నటి ధూళి కణాలు), సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్, సీసం, కార్బన్ మోనాక్సైడ్, అమ్మోనియా, బెంజీన్, బెంజోపైరీన్, ఆర్సెనిక్, నికెల్. వీటిలో మనిషి ఒంటి నుంచి కూడా వచ్చేది అని చెప్పుకోదగ్గది అమ్మోనియా ఒక్కటే. దానికి 24 గంటల సగటు పరిమితి ఘనపు మీటరుకు 400 మైక్రోగ్రాములు. అమ్మోనియా అనగానే గుర్తు రావాల్సింది ఎరువుల ఫ్యాక్టరీలు, పశువుల కొట్టాలు, మురుగు. క్యాన్ మోసే కుర్రాడు కాదు.

దుర్వాసన మీద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2008లో విడిగా మార్గదర్శకాలు తెచ్చింది. అవి ఫ్యాక్టరీలు, కబేళాలు, చెత్త దిబ్బల వంటి వాటి కోసం. ఇక భారతీయ న్యాయ సంహిత 280వ సెక్షన్ ఉంది. జనం ఆరోగ్యానికి చేటు కలిగేలా గాలిని కావాలని పాడు చేస్తే వెయ్యి రూపాయల దాకా జరిమానా వేస్తుంది. పాత ఐపీసీలో ఇది 278, అప్పుడు జరిమానా ఐదు వందలు. ‘కావాలని’ అన్న మాట గమనించండి. చెమట ఎవరూ కావాలని తెచ్చుకోరు.

కాబట్టి మీ నోటీసులోని మాటకు చట్టంలో ఆధారం లేదు. ఇంకో మాట. కొందరి ఒంటి నుంచి వచ్చే గాలి సోకితే మైలపడతామనే ఆలోచన ఈ దేశంలో ఎంతమంది బతుకుల్ని ఊరి బయట ఉంచిందో మనకు తెలుసు. అంటరానితనాన్ని ఏ రూపంలోనూ పాటించకూడదని రాజ్యాంగం 17వ అధికరణం చెబుతోంది. నోటీసులో కులం పేరు లేకపోవచ్చు. అయినా సంతకం పెట్టే ముందు మీ కమిటీ వాళ్లు ఒకసారి ఆలోచించుకోవాలి.

అల్లంపచ్చడి | విజయవాడ | శుక్రవారం రాత్రి 10:21

గోదారిగట్టు గారి మీద గౌరవం ఉంది కానీ నేను ఒప్పుకోలేను.

నాకు పార్శ్వనొప్పి ఉంది. పులిసిన చెమట వాసన తగిలిందంటే గంటలో కణత దగ్గర మొదలవుతుంది. ఆ తర్వాత చీకటి గదిలో పడుకోవాల్సిందే. మా ఆఫీసులో ఏసీ హాలు, కిటికీలు తెరుచుకోవు. పక్క సీటాయన రోజూ అదే చొక్కాతో వస్తారు. నెలకు రెండు మూడు సెలవులు దీనికే పోతున్నాయి. హాని అంటే ఊపిరితిత్తులు పాడవడమేనా? శబ్దాన్ని కాలుష్యంలో కలిపారని మీరే అన్నారు. చెవికి పడనిది కాలుష్యమైనప్పుడు ముక్కుకు పడనిది ఎందుకు కాదు?

కులం మాట నేను ఎత్తలేదు. మా ఆఫీసాయన నాకంటే పెద్ద జీతం తీసుకుంటారు. శుభ్రత మాట ఎత్తితే చాలు, పేదవాళ్లను అవమానించారని అంటే నాలాంటి వాళ్లం ఎవరికి చెప్పుకోవాలి?

తాటిముంజ | ఒంగోలు | శుక్రవారం రాత్రి 10:40

అల్లంపచ్చడి గారు అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు రావాలి.

ఎవరి కంపు వారికి ఇంపు అని మా అమ్మమ్మ అనేది. నిజంగానే ముక్కు ఒక వాసనలో కాసేపు ఉంటే దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. మీ ఆఫీసాయనకు తన వాసన తెలియకపోవచ్చు. ఎవరైనా పక్కకు పిలిచి మెల్లగా చెప్పారా?

సూక్ష్మలోకం | విశాఖపట్నం | శనివారం ఉదయం 6:15

డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెబుతాను. పిల్లలకు మొదటి క్లాసులో చెప్పే మాటే ఇక్కడా చెబుతాను. అప్పుడే పట్టిన చెమటకు వాసన ఉండదు.

ఒళ్లంతా ఉండే స్వేద గ్రంథులు ఉప్పునీళ్లు వదులుతాయి. ఒంటిని చల్లబరచడం వాటి పని. చంకల్లో, ఇంకొన్ని చోట్ల వేరే రకం గ్రంథులున్నాయి. వాటి నుంచి వచ్చేది కొంచెం జిడ్డుగా, మాంసకృత్తులతో ఉంటుంది. అదీ వాసన రాదు. చర్మం మీద కాపురముండే బ్యాక్టీరియా దాన్ని తిని విడగొట్టాకే వాసన పుడుతుంది. కొరినేబ్యాక్టీరియా అందులో ముఖ్యమైనవి. ఉల్లిపాయ కుళ్లినట్టు వచ్చే ఘాటుకు కారణం గంధకం ఉన్న థయోఆల్కహాల్స్. స్టెఫైలోకాకస్ హోమినిస్ అనే బ్యాక్టీరియా ఏ ఎంజైముతో వాటిని తయారు చేస్తుందో 2020లో ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయం వాళ్లు బయటపెట్టారు.

ఈ గంధకపు పదార్థాలను మన ముక్కు లక్ష కోట్లలో కొన్ని వంతులున్నా పట్టేస్తుంది. వంటగ్యాసు లీకైతే వచ్చే వాసన గుర్తుంది కదా. అది గ్యాసుది కాదు, లీకు తెలియాలని కలిపే మెర్కాప్టాన్‌ది. అదీ ఈ కుటుంబమే. రవ్వంత కలిపితే ఇల్లంతా తెలుస్తుంది. మరోవైపు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనే లేదు, తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకున్నవాళ్లు నిద్రలోనే పోతారు. వాసన ఎంత ఉందన్న దాన్ని బట్టి ప్రమాదం ఎంతో కొలవలేం.

పార్శ్వనొప్పి మాత్రం నిజమైన బాధ. ఘాటు వాసనలు దాన్ని రేపుతాయి. అందులో చెమట ఒక్కటే కాదు, సెంటు, అగరువత్తి, పెయింటు, పెట్రోలు అన్నీ ఉన్నాయి.

చల్లగాలి | అబుదాబి | శనివారం ఉదయం 8:05

పెద్ద భవనాలకు ఏసీ, వెంటిలేషన్ డిజైన్ చేయడం నా ఉద్యోగం. మా రంగంలో ఈ చర్చ నూట అరవై ఏళ్లకు పైగా నడుస్తోంది. మీటింగ్‌లో పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నాను.

1858లో మ్యూనిక్‌లో మాక్స్ ఫన్ పెటెన్‌కోఫర్ అనే ఆయన జనం నిండిన గదుల్లో గాలి ఎందుకు బరువెక్కినట్టుంటుందో పరిశీలించారు. మనుషుల ఒంటి నుంచి, ఊపిరి నుంచి వచ్చే వాటిని నేరుగా కొలిచే దారి లేదు. దాంతో ఊపిరిలో వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను గుర్తుగా పెట్టుకున్నారు. పదివేల వంతుల్లో పది దాటితే, అంటే పది లక్షల వంతుల్లో వెయ్యి (1000 పీపీఎం) దాటితే గదికి గాలి చాలడం లేదన్నారు. నేటికీ ఇంజినీర్ల నోట ఆ అంకె వినిపిస్తుంది.

1936లో హార్వర్డ్‌లో యాగ్లూ అనే ఆయన ఒక గదిలో మనుషుల్ని కూర్చోబెట్టారు. బయటి నుంచి వచ్చినవాళ్లు వాసన చూసి మార్కులు వేశారు. మనిషికి ఎంత తాజా గాలి ఇస్తే వాసన ఇబ్బంది పెట్టదో ఆయన అలా తేల్చారు. భవనాల్లో గాలి ఎంత ఆడాలి అన్న లెక్కలకు మనిషి ఒంటి వాసనే మొదటి కొలబద్ద.

ఇప్పుడు అసలు సంగతి. 1988లో డెన్మార్క్ ప్రొఫెసర్ ఫాంగర్ గదిలోని గాలి పాడవడాన్ని కొలవడానికి ‘ఓల్ఫ్’ అనే ప్రమాణం పెట్టారు. ఒక ఓల్ఫ్ అంటే ఏమిటో తెలుసా? ఆఫీసులో కూర్చుని పని చేసుకుంటూ, రోజుకు సగటున 0.7 స్నానాలు చేసే మామూలు మనిషి ఒకరు. బాగా కసరత్తు చేసి వచ్చిన క్రీడాకారుడు 30 ఓల్ఫ్‌లు. సిగరెట్ కాలుస్తున్న మనిషి 25. అంటే ఆ లెక్కలో అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్ గారూ ఒక ఓల్ఫే, క్యాన్ కుర్రాడూ కాసేపు కూర్చుంటే ఒక ఓల్ఫే. ఐదంతస్తులు ఎక్కిస్తే మాత్రం ఆ కుర్రాడి అంకె పెరుగుతుంది.

అల్లంపచ్చడి గారూ, మీ ప్రశ్నకు నా జవాబు ఇది. గది లోపలి గాలి సంగతి వస్తే మీరన్నదాంట్లో నిజముంది. మనుషులు గాలిని మారుస్తారు. కానీ ఆ లెక్క కట్టిన ఫాంగర్ మనుషుల్ని బయటికి పంపమనలేదు, గాలిని పంపమన్నారు. మీ ఆఫీసులో హెచ్‌ఆర్‌ను అడగాల్సింది పక్క సీటాయన గురించి కాదు. తాజా గాలి డ్యాంపర్, అంటే బయటి గాలి లోపలికొచ్చే మూత, తెరిచి ఉందా, కార్బన్ డయాక్సైడ్ ఎంత చూపిస్తోంది అని అడగండి. కరెంటు బిల్లు తగ్గుతుందని డ్యాంపర్ మూసేయడం నేను చాలా చోట్ల చూశాను.

మేడమీదపిట్ట గారూ, మీ లిఫ్టులో ఫ్యాన్ తిరుగుతోందా?

మేడమీదపిట్ట | హైదరాబాద్ | శనివారం ఉదయం 8:30

ఫ్యాన్ ఉందన్న సంగతే ఇంతవరకు గమనించలేదండీ. ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను. పైన చిల్లుల రేకు ఉంది. చెయ్యి పెడితే గాలేమీ తగల్లేదు. లోపల ‘6 మంది, 408 కిలోలు’ అని రాసి ఉంది. తలుపు మూసుకుంటే ఇనప్పెట్టెలో ఉన్నట్టే ఉంది.

ఇంకొకటి చెప్పడం మరిచాను. వాసన పోవాలని రెండు నెలల కిందట కమిటీ వాళ్లే ఒక ఫ్రెషనర్ మెషీన్ బిగించారు. కొద్ది నిమిషాలకోసారి దానంతటదే ‘చుస్స్’మని కొడుతుంది. అది పెట్టినప్పటి నుంచి మా పాప లిఫ్టు ఎక్కితే దగ్గుతోంది. దానికి ఆస్తమా ఉంది.

కొబ్బరాకు | శాన్ హోసే | శనివారం ఉదయం 9:44

అక్కా, ఆ మెషీన్ ముందు తీసేయించండి. నోటీసులో రాసిన మాట దానికి ఎక్కువ సరిపోతుంది.

నేనుండే కాలిఫోర్నియాలో గాలి కాలుష్యం మీద చట్టం చేయి వేసింది ఒంటి వాసన మీద కాదు, దాన్ని కప్పిపెట్టే డియోడరెంట్ మీద. ఇక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు 1989లో ఇళ్లలో వాడే వస్తువులకు నిబంధనలు మొదలుపెట్టినప్పుడు మొట్టమొదట పట్టుకున్నవి చెమట ఆపే స్ప్రేలు, డియోడరెంట్లే. వాటిలోని ఆవిరయ్యే రసాయనాలు ఎండలో నైట్రోజన్ ఆక్సైడ్లతో కలిస్తే నేల దగ్గర ఓజోన్ పుడుతుంది. అంతకుముందు స్ప్రే డబ్బాల్లో సీఎఫ్‌సీలు అనే వాయువులు నింపేవారు. ఆకాశంలో ఓజోన్ పొర దెబ్బతింటుందని అమెరికా 1978లో వాటిని ఆపింది. ఇప్పుడు ఎక్కువగా నింపేది బ్యూటేన్, ప్రొపేన్, అంటే మన వంటగ్యాసే.

2016లో ఇక్కడి బర్క్‌లీ విశ్వవిద్యాలయం వాళ్లు విద్యార్థులున్న క్లాసు గదిలో గాలిని కొలిచారు. ఆవిరయ్యే సేంద్రియ పదార్థాల్లో 57 శాతం మనుషుల వైపు నుంచే వచ్చింది. అయితే అందులో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నవి చెమట పదార్థాలు కావు. క్రీములు, డియోడరెంట్లలో వాడే సిలోక్సేన్లు. స్నానం చేసి సెంటు కొట్టుకుని వచ్చినవాళ్లే గాలిలో ఎక్కువ కలుపుతున్నారన్నమాట.

శుభ్రంగా ఉండొద్దని నేను చెప్పడం లేదు. సబ్బూ నీళ్లూ వేరు, స్ప్రే వేరు. మా తాతయ్య పటికముక్క తడిపి చంకల్లో రాసుకునేవారు. దాంతో గాలికి ఏ నష్టమూ లేదు.

రైట్ రైట్ | గుంటూరు | శనివారం మధ్యాహ్నం 1:20

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఇన్ని లెక్కలు నాకు తెలియవు. ఒక్క సంగతి చెబుతాను.

మిర్చి సీజన్‌లో సాయంత్రం ఆరున్నర ట్రిప్పు. యార్డు దగ్గర హమాలీలు ఎక్కేవాళ్లు. పొద్దున్నుంచీ టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసి, తలకు తువ్వాలు చుట్టుకుని, కళ్లు ఎర్రగా ఉండేవి. వాళ్లు ఎక్కగానే బస్సంతా తుమ్ములు, దగ్గులు. ఒకరోజు ఒకామె గట్టిగా అరిచింది, “వీళ్లను ఎందుకు ఎక్కించుకుంటారు, కంపు!” అని. ఆమె పక్కనున్న హమాలీ ఏమీ అనలేదు. అందరికీ దూరంగా వెనక ఫుట్‌బోర్డు మీదకు దిగి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్లు ఉంటాయి. చేతి మడతల్లో ఎర్రటి కారం ఇరుక్కుపోయి ఉంది. టిక్కెట్ డబ్బులు ఇస్తే ఆ నోటు పట్టుకున్న నా వేళ్లు రాత్రి దాకా మండాయి.

అది చెమట కంపు కాదు. మిర్చి ఘాటు. మనం అరగంట పీలిస్తే తుమ్ములొచ్చిన గాలిని అతను పది గంటలు పీల్చి వచ్చాడు. కాలుష్యం జరిగింది అతనికి. మరుసటి రోజు నుంచి వాళ్లను ముందు, డ్రైవరు వెనక కిటికీల దగ్గర కూర్చోబెట్టేవాణ్ని. అక్కడ గాలి దూసుకొస్తుంది. బస్సులో గొడవ ఆగింది. నాకు తెలిసిన వెంటిలేషన్ ఇంతే.

అల్లంపచ్చడి | విజయవాడ | శనివారం మధ్యాహ్నం 2:02

రైట్ రైట్ గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది, కానీ కొంచెం మార్చుకుంటున్నాను. కాలుష్యం అనే మాట వద్దు. ఇబ్బంది అందాం. ఇబ్బంది పడేవాళ్లకు చెప్పుకునే హక్కు ఉండాలి. ఎలా చెప్పాలన్నదే తెలియడం లేదు. వియన్నాలో 2018 వేసవిలో మెట్రో వాళ్లు ప్రయాణికులకు ఉచితంగా డియోడరెంట్లు పంచారని చదివాను. ఆఫీసులో అలా పెడితే బాగుంటుందా?

ఒంటరిదీపం | కర్నూలు | శనివారం మధ్యాహ్నం 3:36

ఈ వేదికలో చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాయాలనిపించింది.

మా చెల్లికి చిన్నప్పటి నుంచి ఒంటి నుంచి చేప కుళ్లిన వాసన వచ్చేది. మేం శాకాహారులం. రోజుకు మూడుసార్లు స్నానం చేసేది. పీచుతో రుద్ది రుద్ది మోచేతుల దగ్గర చర్మం లేచిపోయేది. ఆరో క్లాసులో టీచరు దాని బెంచీని గుమ్మం దగ్గరికి జరిపించారు. ఎనిమిదో క్లాసులో “రేపటి నుంచి సెంటు కొట్టుకుని రా” అని అందరి ముందు అన్నారు. సెంటు కొట్టుకుంటే రెండు వాసనలూ కలిసి ఇంకా ఘోరంగా ఉండేది. ఇంటర్‌లో చదువు మానేసింది.

ఇరవై నాలుగో ఏట ఒక డాక్టరమ్మ మూత్ర పరీక్ష చేయించారు. ట్రైమిథైల్‌అమినూరియా అని తేలింది. తిండిలోని కోలిన్ అనే పోషకం వంటి వాటి నుంచి పేగుల్లో ట్రైమిథైల్‌అమిన్ అనే పదార్థం తయారవుతుంది. కాలేయంలో ఎఫ్‌ఎంఓ3 అనే ఎంజైము దాని వాసన తీసేయాలి. ఆ జన్యువులో లోపం ఉంటే అది చెమటలో, ఊపిరిలో, మూత్రంలో అలాగే బయటికి వస్తుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ ఆ లోపం రావాలి. మా అమ్మానాన్నలది మేనరికం. ఇప్పుడు చిక్కుళ్లు, సోయా తగ్గించి, పీహెచ్ తక్కువ ఉన్న సబ్బు వాడుతోంది. చాలా వరకు తగ్గింది. పూర్తిగా పోదు.

అల్లంపచ్చడి గారూ, మీ మీద నాకు కోపం లేదు. మీ ఆఫీసాయనకు చెప్పాలనుకుంటే ఒంటరిగా ఉన్నప్పుడు, ఒక్కసారే, “మీకేమైనా ఆరోగ్య సమస్య ఉందా అండీ” అని అడిగి చెప్పండి. బల్ల మీద డియోడరెంట్ మాత్రం పెట్టకండి. మా చెల్లి డెస్కులో అలాంటివి పదకొండు దొరికాయి.

సూక్ష్మలోకం | విశాఖపట్నం | శనివారం సాయంత్రం 4:10

ఒంటరిదీపం గారూ, మీరు రాసింది ఈ సోమవారం నా క్లాసులో పేర్లు లేకుండా చెబుతాను, మీకు అభ్యంతరం లేకపోతే. ఈ జబ్బు పేరు వినని డాక్టర్లు కూడా ఉన్నారు. శుభ్రత లేదని తిట్లు తిన్నవాళ్లలో ఎందరికి ఇది ఉందో.

ఒంటరిదీపం | కర్నూలు | శనివారం సాయంత్రం 4:25

చెప్పండి సార్. చెల్లిని అడిగాను. సరే అంది.

రెండుచక్రాలు | హైదరాబాద్ | శనివారం రాత్రి 11:48

నేను ఫుడ్ డెలివరీ చేస్తాను. లాగౌట్ అయ్యాక చూశాను ఈ చర్చ.

పొద్దున స్నానం చేసే బయల్దేరతాం. రాత్రి ఇంటికెళ్లి మళ్లీ చేస్తాం. మధ్యలో పన్నెండు గంటలు రోడ్డు మీదే. మేలో బండి సీటు మీద చెయ్యి పెట్టలేం. వీపుకు బ్యాగు ఉంటే గాలి ఆడదు, అక్కడే తడుస్తుంది, అక్కడే ఆరుతుంది. కంపెనీ టీషర్టు రెండు ఇచ్చారు. రెండూ పాలిస్టరే. ఒకటి ఉతికి ఆరేసరికి ఇంకోటి వాసన పట్టేస్తుంది. మాకూ తెలుస్తుంది. లిఫ్టులో ఎవరైనా ఉంటే మేమే మూలకు తిరిగి నిలబడతాం.

మెట్లెక్కమంటే ఎక్కుతాం. కానీ ఐదో అంతస్తు ఎక్కి దిగి, తర్వాతి ఆర్డరుకు ఇంకో అపార్ట్‌మెంట్‌లో మళ్లీ ఎక్కితే చెమట ఎక్కువవుతుందే గానీ తగ్గదు కదా. ముఖం కడుక్కోవడానికి కింద ఒక కుళాయి చూపించే అపార్ట్‌మెంట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాకు తెలిసినవి మూడు.

సూక్ష్మలోకం | విశాఖపట్నం | ఆదివారం ఉదయం 6:05

తమ్ముడూ, పాలిస్టర్ గురించి నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో 26 మంది చేత వ్యాయామం చేయించి, వాళ్ల టీషర్టులను ఒక రోజు దాటాక వాసన చూపించారు. నూలు వాటికంటే పాలిస్టర్ వాటికే ఎక్కువ కంపు వచ్చింది. మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియా పాలిస్టర్ మీద బాగా పెరుగుతుంది. నూలు తేమను, వాసనను దారంలోకి పీల్చుకుంటుంది. పాలిస్టర్ పైపైనే ఉంచి గాలికి వదిలేస్తుంది. లోపల పాత నూలు బనియన్ వేసుకుంటే కొంత నయం.

మేడమీదపిట్ట | హైదరాబాద్ | ఆదివారం ఉదయం 10:15

మీటింగ్ పదకొండింటికి. అంతకుముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి లిఫ్టు ఆపి, పైరేకు విప్పించాను. చూసింది చెబుతాను.

రేకు దించగానే దుమ్ము పరుపులోని దూదిలా ఉండలుండలుగా నెత్తిన పడింది. ఫ్యాన్ రెక్కలకు జిడ్డు, బూజు పట్టి, అవి రెక్కలని కూడా తెలియడం లేదు. కరెంటిస్తే మూలిగింది గానీ తిరగలేదు. కెపాసిటర్ పోయిందట. ఎప్పటి నుంచి అంటే వాచ్‌మన్ తను వచ్చాక ఎప్పుడూ తిరగలేదన్నాడు. అతను వచ్చి మూడేళ్లు. వాచ్‌మన్ భార్య పాత బ్రష్షు, సర్ఫు నీళ్లు తెచ్చి రెక్క రెక్కా తోమింది. కెపాసిటర్ మార్చాక తిరిగింది.

మార్చకముందూ మార్చాకా ఒక అగరువత్తి వెలిగించి లిఫ్టులో పట్టుకున్నాను. ముందు పొగ మనిషి ఛాతీ ఎత్తులో అలాగే తేలుతూ ఉండిపోయింది. ఇప్పుడు దారంలా పైకి లేచి రేకులోంచి వెళ్లిపోతోంది. ఫోన్‌లో వీడియో తీశాను, మీటింగ్‌లో చూపిస్తాను.

గోదారిగట్టు | రాజమండ్రి | ఆదివారం ఉదయం 10:32

ఆ వీడియో నా సెక్షన్లన్నిటికంటే గట్టి సాక్ష్యం. పాత నోటీసు చింపేయకుండా ఒక ఫోటో తీసి ఉంచండి. కొత్త నోటీసు అవసరమైతే ఇంత చాలు: “లిఫ్టు అందరిదీ. ఫ్యాన్ ఆగితే ఈ నంబరుకు చెప్పండి.”

మేడమీదపిట్ట | హైదరాబాద్ | ఆదివారం మధ్యాహ్నం 2:40

మీటింగ్ అయ్యింది. రెండు గంటలు పట్టింది. నోటీసు అంటించింది మూడో అంతస్తు పెద్దాయన. ఆయనకు గుండె ఆపరేషన్ అయ్యింది, మూసిన చోట ఊపిరాడదు, లిఫ్టులో భయం వేస్తోందట. ఆ భయానికి కారణం వాసన అనుకున్నారు. వీడియో చూశాక చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “గాలి లేకనా అమ్మా నాకు అట్లా అయ్యేది” అన్నారు. ఆయనే వెళ్లి నోటీసు తీశారు.

ముగ్గురు మాత్రం లిఫ్టు ఇవ్వొద్దనే అన్నారు. వాళ్ల మాట చెల్లలేదు. ఫ్రెషనర్ తీసేశాం. కింద మోటారు గది పక్క కుళాయి దగ్గర మగ్గు, సబ్బు పెట్టాలని రాసుకున్నాం. రెండుచక్రాలు తమ్ముడూ, నాలుగోది ఇదీ.

చల్లగాలి గారూ, ఒక్క అనుమానం. ఫ్యాన్ తిరుగుతోంది గానీ సాయంత్రానికి మళ్లీ కొంచెం ఉక్కగా అనిపిస్తే ఏం చూడాలి?

చల్లగాలి | అబుదాబి | ఆదివారం మధ్యాహ్నం 3:05

ఫ్యాన్ గాలిని పెట్టెలోంచి లిఫ్టు గోతిలోకి తోస్తుంది. గోతిలోంచి బయటికి వెళ్లే దారి ఉండాలి. టెర్రస్ మీద మెషీన్ రూముకు కింద, గోతి గోడకు జాలీ ఉంటుంది. వానజల్లు కొడుతోందని దానికి ఏదో అడ్డం పెట్టి మరిచిపోతుంటారు. ఒకసారి చూడండి. చెయ్యి మాత్రం లోపలికి పెట్టకండి, లిఫ్టు ఆపించి మెకానిక్‌తోనే తీయించండి.

మేడమీదపిట్ట | హైదరాబాద్ | ఆదివారం సాయంత్రం 5:50

టెర్రస్ మీదున్నాను. ఫ్లెక్సీ ముక్క ఉంది, మేకులు కొట్టి. మెకానిక్ రేపు పొద్దున తొమ్మిదింటికి వస్తానన్నాడు.